రెస్టారెంట్ బుకింగ్, పేమెంట్ యాప్ డిజైన్ చెయ్యాలంటే కౌంటర్ దగ్గర మొదలెట్టండి

రెస్టారెంట్ టేబుల్ బుకింగ్ యాప్ చేద్దామని ఇప్పుడు చాలామంది దిగుతున్నారు, కొందరు కాలేజీ ప్రాజెక్టు కోసం, కొందరు నిజంగానే ఊళ్ళో నాలుగు హోటళ్ళకి అమ్ముదామని. మంచిదే. స్విగ్గీ డైనౌట్, ఈజీడైనర్, జొమాటో వాళ్ళ డిస్ట్రిక్ట్ లాంటివి ఉన్నా, మన రాజమండ్రి, వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్ళలో చాలా ఫ్యామిలీ రెస్టారెంట్లకి ఇప్పటికీ బుకింగ్ అంటే ఫోన్ చేసి "అన్నా, ఎనిమిది మందిమి వస్తున్నాం, ఒక టేబుల్ ఉంచు" అనడమే. అక్కడ పని ఉంది, కాబట్టి చెయ్యండి.

కానీ ఎక్కువమంది చేసేది ఏంటంటే స్క్రీన్లు గీసే టూల్ ఫిగ్మా ఓపెన్ చేసి కస్టమర్ హోమ్ స్క్రీన్ గీయడం. పైన సెర్చ్, కింద బిర్యానీ ఫొటోలు, మధ్యలో ఆఫర్ల బ్యానర్. చూడ్డానికి బానే ఉంటుంది. టేబుల్ బుకింగ్ అంటే మనం కస్టమర్‌కి ఇచ్చే మాట, ఆ మాట నిలబెట్టాల్సింది మాత్రం యాప్ కాదు, హోటల్లో కౌంటర్ దగ్గర నిలబడి టేబుళ్ళు చూసుకునే క్యాప్టెన్. ఆయన చేతిలో పని తేలిగ్గా లేకపోతే ఆయన యాప్ వైపు చూడడు, ఆయన చూడకపోతే పిల్లాపెద్దలతో వచ్చిన కుటుంబం ఫోన్లో "కన్ఫర్మ్" అని చూపిస్తూ గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తుంది. అందుకే నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే, స్టాఫ్ స్క్రీన్ ముందు, కస్టమర్ స్క్రీన్ తర్వాత.

ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం చూడండి

ఓనర్‌ని అడిగి ఒక ఆదివారం ఒంటిగంట నుంచి మూడింటి దాకా కౌంటర్ పక్కన నిలబడండి, ల్యాప్‌టాప్ తియ్యకండి, ఊరికే చూడండి. క్యాప్టెన్ భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతుంటాడు, ఒక చేత్తో నోట్‌బుక్కులో "రమణ గారు, 6, ఏసీ" అని రాస్తుంటాడు, ఇంకో పక్క గుమ్మంలో పది మంది నిలబడి "ఇంకా ఎంతసేపు" అని అడుగుతుంటారు, లోపల 9వ టేబుల్ వాళ్ళు తినేసి కూడా కబుర్లు చెప్పుకుంటూ లేవరు, మూలనున్న రెండు టేబుళ్ళు కలిపితే ఎనిమిది మందికి సరిపోతుందని ఆయన కళ్ళతోనే లెక్క వేసుకుంటాడు. ఈ లెక్క అంతా మీ యాప్‌లోకి రావాలి.

ఏం రాసుకోవాలంటే, ఒక్కో టేబుల్‌కి కనీసం ఎంతమందిని కూర్చోబెడతారు, ఎక్కువలో ఎక్కువ ఎంతమంది పడతారు, ఏ టేబుల్‌ని ఏ టేబుల్‌తో కలపొచ్చు, ఇద్దరొస్తే నలుగురి టేబుల్ ఇస్తారా ఇవ్వరా, మధ్యాహ్నం బిర్యానీ తిని వెళ్ళేవాళ్ళు ఎంతసేపు కూర్చుంటారు, రాత్రి బర్త్‌డే కేకు కోసేవాళ్ళు ఎంతసేపు కూర్చుంటారు. ఈ చివరి రెండూ చాలా ముఖ్యం. అన్ని బుకింగులకీ ఒకే గంటన్నర అని పెట్టేస్తే మధ్యాహ్నం టేబుళ్ళు ఊరికే ఖాళీగా ఉంటాయి, రాత్రి ఒకరి మీద ఒకరు పడతారు. కూర్చునే టైము మనుషుల సంఖ్యని బట్టి, పూటని బట్టి మారేలా పెట్టండి, ఓనర్ తనే మార్చుకునేలా కూడా పెట్టండి.

ఇంకో సంగతి, అన్ని హోటళ్ళకీ "కుర్చీ" అనే లెక్క పనికిరాదు. హైదరాబాద్‌లో బార్కస్ వైపు మండి (అరబ్బుల పద్ధతిలో మాంసంతో వండే అన్నం) హోటళ్ళకి వెళ్తే చాలాచోట్ల కింద పరుపుల మీద కూర్చుని ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ నలుగురైదుగురు తింటారు, అక్కడ బుక్ అయ్యేది కుర్చీ కాదు, ఆ చోటు. రంజాన్ నెలలో అయితే రద్దీ మొత్తం ఇఫ్తార్ టైము చుట్టూ తిరుగుతుంది, అది సూర్యాస్తమయాన్ని బట్టి రోజురోజుకీ కొంచెం జరుగుతుంది, కాబట్టి స్లాట్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయని కోడ్‌లో గట్టిగా రాసేస్తే ఆ నెల మొత్తం చేత్తో దిద్దుకోవాలి. బార్ ఉన్నచోట ఫ్యామిలీ సెక్షన్ వేరుగా ఉంటుంది, అది కూడా ఒక విభాగంగా పెట్టాలి. డేటాబేస్‌లో "టేబుల్, సీట్లు" అని రెండే గడులు పెట్టి ఊరుకుంటే ఇవేవీ పట్టవు.

మొదట్లో మొత్తం టేబుళ్ళు యాప్‌కి ఇమ్మని ఓనర్‌ని అడగొద్దు. నా లెక్కలో మూడో వంతు చాలు. మిగతావి నేరుగా వచ్చేవాళ్ళకి, ఓనర్‌కి తెలిసినవాళ్ళకి. "మన ఎమ్మార్వో గారు వస్తున్నారు" అని ఫోన్ వస్తే ఆయన ఎలాగూ ఒక టేబుల్ తీసిస్తాడు, అది యాప్ బుకింగ్‌ది కాకుండా ఉంటే మీ మాట నిలబడుతుంది.

స్టాఫ్ స్క్రీన్

కౌంటర్ దగ్గర ఉండేది మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్ లేదా క్యాప్టెన్ సొంత ఫోన్. చెయ్యి తడిగా ఉంటుంది, ఒక్క చేత్తోనే నొక్కుతాడు, నిలబడి చూస్తాడు. కాబట్టి బటన్లు పెద్దవి ఉండాలి, ఆండ్రాయిడ్‌లో 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలత) కన్నా తగ్గొద్దని గూగుల్ వాళ్ళ మెటీరియల్ డిజైన్ సూచనలు చెప్తాయి, ఐఫోన్‌కి యాపిల్ 44 పాయింట్లు చెప్తుంది, స్టాఫ్ స్క్రీన్‌కి నేనైతే దానికి ఇంకా ఎక్కువే పెడతాను.

టేబుళ్ళ బొమ్మ హాల్లో ఎలా ఉందో అలాగే ఉండాలి, కిటికీ పక్కది కిటికీ పక్కన, కిచెన్ తలుపు దగ్గరది అక్కడ. లిస్టులా పెడితే క్యాప్టెన్ ప్రతిసారీ మనసులో మళ్ళీ హాలు తిప్పుకోవాలి. టేబుల్ మీద నొక్కితే మూడే పనులు: వచ్చారు, కూర్చున్నారు, లేచారు. నేరుగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం రెండు నొక్కుళ్ళలో అయిపోవాలి, ఎందుకంటే వాళ్ళని ఎక్కించకపోతే ఆ టేబుల్ ఖాళీ అని సర్వర్ (వడ్డించే మనిషి కాదు, యాప్ వెనక నడిచే కంప్యూటర్) అనుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. చాలా బుకింగ్ యాప్‌లు దెబ్బతినేది ఇక్కడే. వాకిన్‌కి పేరు అడగొద్దు, నంబర్ అడగొద్దు, ఎంతమంది అని ఒక్కటే.

నెట్ పోతుంది. సెల్లార్‌లో ఉన్న రెస్టారెంట్లలో సిగ్నలే ఉండదు, వైఫై రద్దీ టైములోనే పోతుంది. అప్పుడు కూడా ట్యాబ్ పనిచెయ్యాలి, చేసినవన్నీ ట్యాబ్‌లోనే దాచుకుని నెట్ రాగానే పంపాలి. అంతకన్నా ముఖ్యం, ట్యాబ్ నుంచి కొన్ని నిమిషాలుగా ఏ కబురూ లేకపోతే సర్వర్ తనంతట తానే దగ్గర్లో ఉన్న టైములకి కొత్త బుకింగులు ఆపెయ్యాలి, అరగంటలో వస్తామనే వాళ్ళకి "ఇప్పుడు నేరుగా ఫోన్ చెయ్యండి" అని హోటల్ నంబర్ చూపించాలి. రేపటి బుకింగులకి ఇబ్బంది లేదు, అవి తీసుకోవచ్చు.

ఒకే టేబుల్ ఇద్దరికి

శనివారం రాత్రి 8 గంటల స్లాట్‌లో ఒకటే టేబుల్ మిగిలింది, ఇద్దరు ఒకేసారి నొక్కారు. "ఖాళీ ఉందా అని చూడు, ఉంటే రాసెయ్" అనే కోడ్‌లో ఇద్దరికీ ఖాళీ కనిపిస్తుంది, ఇద్దరికీ కన్ఫర్మ్ వెళ్తుంది. దీన్ని యాప్‌లో ఆపలేం, డేటాబేస్‌లోనే ఆపాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అని ఉంది, ఒకే టేబుల్‌కి రెండు టైము పరిధులు ఒకదాని మీద ఒకటి పడితే రెండో దాన్ని అదే తిరగ్గొడుతుంది. అది పెట్టుకుంటే మీ కోడ్‌లో ఎక్కడ తప్పు జరిగినా డబుల్ బుకింగ్ మాత్రం జరగదు. ఓడిపోయినవాళ్ళకి ఖాళీ ఎర్రర్ చూపించకుండా "7:30కి ఉంది, 8:45కి ఉంది" అని పక్కనున్నవి చూపించండి.

అడ్వాన్స్ కట్టాల్సిన బుకింగ్ అయితే కట్టేదాకా టేబుల్‌ని కాసేపు పట్టి ఉంచాలి, ఐదు నుంచి పది నిమిషాలు, స్క్రీన్ మీద టైమర్ కనిపిస్తూ. ఆ టైమర్ సర్వర్ గడియారాన్ని బట్టి నడవాలి, ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు.

కస్టమర్ వైపు

ఇప్పుడు కస్టమర్ స్క్రీన్. ఎంతమంది, ఎప్పుడు, ఎక్కడ, ఈ మూడే. లాగిన్ మొదట్లోనే అడగడం నాకు అస్సలు నచ్చదు, టేబుల్ దొరుకుతుందో లేదో తెలియకుండా ఫోన్ నంబర్ ఎందుకివ్వాలి. టైము ఎంచుకున్నాక చివర్లో నంబర్ అడిగి ఓటీపీ పంపండి. ఓటీపీ ఎస్సెమ్మెస్ పంపాలంటే మన దేశంలో టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో పేరూ, మెసేజ్ టెంప్లేటూ ముందే రిజిస్టర్ చెయ్యాలి, దీనికి టైము పడుతుంది కాబట్టి యాప్ అంతా అయిపోయాక గుర్తొచ్చేలా పెట్టుకోకండి, మొదటి వారంలోనే అప్లై చేసెయ్యండి.

హోటల్ పేజీలో ఫొటోల కన్నా మనవాళ్ళకి కావాల్సినవి వేరే ఉన్నాయి. పై అంతస్తులో ఉంటే లిఫ్ట్ ఉందా, మెట్లెన్ని, ఎందుకంటే అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే ఆ ఒక్క సంగతి మీదే హోటల్ మారిపోతుంది. కారు పెట్టుకోడానికి చోటుందా. వెజ్‌కి కిచెన్ వేరేనా, కార్తీక మాసంలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు బాగా పెరుగుతారు. చంటిపిల్లలకి ఎత్తు కుర్చీ ఉందా. చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుందా. ఇవి ఒక్కో హోటల్‌కి మీరే స్వయంగా వెళ్ళి చూసి నింపండి, ఓనర్‌ని నింపమంటే అన్నిటికీ టిక్కు పెడతాడు.

తెలుగు పెడుతున్నారా, పెట్టండి, కానీ ఇంగ్లీషు కోసం కొలిచిన బటన్‌లో తెలుగు పడదు. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, లైన్ ఎత్తు తక్కువుంటే "కృష్ణా" అన్నప్పుడు కింద వత్తు తెగిపోతుంది, కొన్ని ఫోన్లలో ఇంకా ఘోరంగా కనిపిస్తుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు తీసుకుని లైన్ ఎత్తు అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లన్నా పెట్టి, ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు పెద్దది చేసి మరీ చూడండి. మాటలు జనం వాడేవే పెట్టండి, బుక్ చెయ్యండి, క్యాన్సిల్ చెయ్యండి, బిల్ కట్టండి.

బుకింగ్ అయ్యాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ వెళ్ళాలి, హోటల్ పేరు, టైము, మ్యాప్ లింకు, "15 నిమిషాలకి మించి ఆలస్యమైతే టేబుల్ వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు" అనే లైను. ఆ చివరి లైను ముందే చెప్పకపోతే గుమ్మం దగ్గర గొడవవుతుంది. వచ్చే రెండు మూడు గంటల ముందు ఇంకో మెసేజ్, కింద రెండు బటన్లు, "వస్తున్నాం", "రావట్లేదు". రానివాళ్ళు చాలామంది చెడ్డవాళ్ళు కాదు, క్యాన్సిల్ చెయ్యడం ఎలాగో వెతుక్కునే ఓపిక లేనివాళ్ళు, ఒక్క నొక్కుతో చెప్పేలా ఉంటే చెప్పేస్తారు, హోటల్‌కి టేబుల్ మిగులుతుంది.

ఇక డబ్బు

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఎందుకంటే బుకింగ్‌లో తప్పు జరిగితే కస్టమర్‌కి కోపం వస్తుంది, డబ్బులో తప్పు జరిగితే నమ్మకమే పోతుంది.

మొదటి ప్రశ్న, అడ్వాన్స్ తీసుకోవాలా వద్దా. మామూలు రోజు నలుగురికి టేబుల్ కోసం అడ్వాన్స్ అడిగితే జనం యాప్ మూసేసి ఫోన్ చేస్తారు. పెద్ద గుంపులకి, డిసెంబర్ 31కి, అలాంటి రద్దీ రోజులకి మాత్రం మనిషికి ఇంత అని తీసుకుని బిల్లులో తగ్గించండి. ఇంకో పద్ధతి కూడా ఉంది, 2018లో వచ్చిన యూపీఐ 2.0లో వన్ టైమ్ మ్యాండేట్ పెట్టారు, డబ్బు ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది, అవసరమైతేనే కట్ అవుతుంది, ఐపీఓలకి అప్లై చేసినవాళ్ళకి ఇది అలవాటే. మీ గేట్‌వే వాళ్ళు, అంటే యాప్‌లో ఆన్‌లైన్ పేమెంట్లు నడిపే కంపెనీ వాళ్ళు, దీన్ని ఇస్తారో లేదో కనుక్కోండి, ఇస్తే కస్టమర్‌కి "మీ డబ్బు మీ దగ్గరే ఉంది" అని చెప్పొచ్చు, ఆ మాటకి విలువ ఎక్కువ.

రెండోది, డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది. కస్టమర్లందరి డబ్బూ మీ కరెంట్ అకౌంట్లోకి తెచ్చుకుని సాయంత్రం హోటళ్ళకి పంచుదాం అనుకుంటే ఆగండి, అది పేమెంట్ అగ్రిగేటర్ పని, దానికి ఆర్బీఐ 2020 మార్చిలో నియమాలు పెట్టింది, అనుమతి లేకుండా చెయ్యకూడదు. అనుమతి ఉన్న గేట్‌వే తీసుకోండి, రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి వాళ్ళ దగ్గర డబ్బుని నేరుగా విడగొట్టి హోటల్‌కి ఇంత మీకు ఇంత అని పంపే పద్ధతులున్నాయి. కార్డు నంబర్లు కూడా మీరు దాచకూడదు, 2022 అక్టోబర్ 1 నుంచి నంబర్ బదులు వాడే కోడ్, అంటే టోకెన్ మాత్రమే, కాబట్టి కార్డు వివరాలు అడిగే స్క్రీన్ మీరు గీయనే గీయొద్దు, గేట్‌వే వాళ్ళదే వాడండి.

యూపీఐ విషయంలో "మీ యూపీఐ ఐడీ టైప్ చెయ్యండి" అనే గడి తీసెయ్యండి. ఫోన్‌లో ఉన్న ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం గుర్తులు చూపించి నొక్కగానే ఆ యాప్ కట్టాల్సిన రూపాయలతో సహా ఓపెన్ అవ్వాలి, దీన్నే ఇంటెంట్ అంటారు. హోటల్ వాళ్ళకి కూడా యూపీఐ అంటేనే ఇష్టం, 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐ మీద ఎండీఆర్ (పేమెంట్ మీద హోటల్ దగ్గర తీసుకునే ఫీజు) లేదు, గేట్‌వే వాళ్ళు తమ సర్వీసుకి ఏమన్నా వేస్తారా అన్నది మాత్రం ముందే అడిగి ఓనర్‌కి చెప్పండి.

మూడోది బిల్లు. హోటల్లో అప్పటికే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కేఓటీ (ఆర్డర్ చీటీ) అక్కడి నుంచే కిచెన్‌కి వెళ్తుంది. మీ యాప్‌లో ఇంకో బిల్లు తయారు చెయ్యకండి, అక్కడి బిల్లునే తెచ్చి చూపించండి. ఎందుకో ఒక లెక్క చూపిస్తాను. తిన్నది 1,847 రూపాయలు అనుకోండి. 5 శాతం జీఎస్టీ అంటే 92.35. అదే సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 విడివిడిగా వేస్తే ఒక్కోటి 46.175, దాన్ని పైసలకి సరిచేస్తే 46.18, రెండూ కలిపితే 92.36. ఒక్క పైసా తేడా. కస్టమర్ చేతిలో ప్రింట్ బిల్లు ఒకటి, ఫోన్‌లో ఇంకొకటి కనిపిస్తే ఆ పైసా కోసం క్యాషియర్ రాత్రి లెక్క కుదరక కూర్చుంటాడు. అందుకే లెక్కలు అక్కడివే తీసుకోండి, మీ దగ్గర దాచేటప్పుడు పైసల్లో పూర్ణ సంఖ్యగా దాచండి, దశాంశాలు వద్దు.

ఆ 5 శాతం కూడా అన్నిచోట్లా ఒకటే కాదు, రూమ్ అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్ళలో ఉన్న రెస్టారెంట్లకి 18 శాతం. మందు జీఎస్టీలోకి రాదు, దానికి రాష్ట్రం వ్యాట్ వేరు, కాబట్టి బార్ ఉన్నచోట రెండు బిల్లులు రావొచ్చు, రెండూ కలిపి ఒకేసారి కట్టేలా స్క్రీన్ ఉండాలి, విడివిడిగా కనిపించాలి కూడా. సర్వీస్ ఛార్జి ముందే కలిపి పెట్టమని ఎవరైనా ఓనర్ అడిగితే ఒప్పుకోకండి. 2022 జూలైలో వినియోగదారుల రక్షణ అథారిటీ, అడగకుండా బిల్లులో కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. టిప్ పెట్టొచ్చు, కానీ ఏదీ ముందే టిక్కు పెట్టి ఉండకూడదు, "వద్దు" అనేది చిన్న అక్షరాల్లో దాచకూడదు.

బిల్లు పంచుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ, ఆఫీసు వాళ్ళు ఆరుగురు వస్తే ఆరు ఫోన్లు బయటికొస్తాయి. ఒక్కొక్కరి వాటాకీ వేరే పేమెంట్ నంబర్ ఉండాలి, ఎంత వచ్చింది, ఇంకా ఎంత రావాలి అనేది అందరి ఫోన్లలోనూ కౌంటర్ ట్యాబ్‌లోనూ కనిపించాలి. ఒకడు తన వాటా నోట్లు ఇస్తాడు, అది క్యాషియర్ ఒక్క నొక్కుతో ఎక్కించగలగాలి. మొత్తం కలిస్తేనే బిల్లు మూతపడాలి.

పెండింగ్ అనే స్క్రీన్

అందరూ సక్సెస్ స్క్రీన్‌కి పచ్చ టిక్కు, యానిమేషన్ గీస్తారు, ఫెయిల్ అయితే ఎర్ర గుర్తు. ఈ రెండింటి మధ్యలో ఒకటుంది, దాన్ని ఎవరూ గీయరు. కస్టమర్ పిన్ కొట్టాడు, బ్యాంకు నుంచి డబ్బు కట్ అయిన మెసేజ్ వచ్చింది, మీ యాప్‌కి మాత్రం ఏ కబురూ లేదు. అప్పుడు మీ స్క్రీన్ మీద చక్రం ఊరికే తిరుగుతూ ఉంటే ఆయన కంగారుపడి రెండోసారి కడతాడు. ఇక్కడ ఏం రాయాలంటే నేనైతే ఇలా రాస్తాను:

"బ్యాంకు నుంచి జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ కట్టకండి. మేమే చూస్తున్నాం, రాగానే ఇక్కడే చెప్తాం. మీరు కూర్చోండి, కౌంటర్ వాళ్ళకి కూడా ఈ సంగతి కనిపిస్తోంది."

ఆ చివరి వాక్యం నిజం అయ్యుండాలి. ట్యాబ్‌లో 14వ టేబుల్ పసుపు రంగులోకి మారి "పేమెంట్ ఆగింది" అని కనిపించాలి, అప్పుడు కస్టమర్‌ని ఎవరూ దొంగలా చూడరు.

లోపల పని ఎలా ఉండాలంటే, యూపీఐ యాప్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఫోన్ "సక్సెస్" అని చెప్తే నమ్మొద్దు, గేట్‌వే నుంచి మీ సర్వర్‌కి నేరుగా వచ్చే కబురు, అంటే వెబ్‌హుక్‌నే నమ్మాలి, అది వాళ్ళు పంపిందేనని డిజిటల్ సంతకం సరిచూసుకుని మరీ. వెబ్‌హుక్ రాకపోతే సర్వరే కొన్ని సెకన్లకోసారి, తర్వాత నిమిషాలకోసారి వెళ్ళి అడగాలి. అదే వెబ్‌హుక్ రెండుసార్లు కూడా రావొచ్చు, పేమెంట్ నంబర్ చూసి రెండోదాన్ని పక్కన పెట్టాలి, లేకపోతే ఒకే బిల్లుకి రెండు రసీదులు వెళ్తాయి. డబ్బు కట్ అయ్యి హోటల్‌కి చేరకపోతే, ఇలాంటి యూపీఐ పేమెంట్లకి ఐదు రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలని, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ 2019 సెప్టెంబర్‌లో చెప్పింది. ఈ సంగతి, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్‌తో పాటు అదే స్క్రీన్‌లో పెట్టండి, కస్టమర్ బ్యాంకుని అడగాలన్నా చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఇంకొక్కటి. కౌంటర్ దగ్గర స్టాఫ్ నమ్మేది సౌండ్ బాక్స్‌ని. అందులో "రూపాయలు అందాయి" అని వినిపిస్తేనే ఇస్తారు వెళ్ళడానికి దారి, ఫోన్ స్క్రీన్ చూపిస్తే నమ్మరు, నమ్మకూడదు కూడా, దొంగ స్క్రీన్‌షాట్లు చూపించే వాళ్ళున్నారు. మీ యాప్‌లో కట్టిన డబ్బు ఆ బాక్స్‌లో వినిపించదు. కాబట్టి మీ ట్యాబ్ గొంతెత్తాలి, "టేబుల్ 14, 1,939 రూపాయలు వచ్చాయి" అని తెలుగులో, వంటింటి చప్పుడులో కూడా వినపడేంత గట్టిగా. చిన్న పనే, కానీ స్టాఫ్ మీ యాప్‌ని ఒప్పుకోవడానికి దీని అంత పనికొచ్చేది నేను ఇంకోటి చూడలేదు.

రీఫండ్ నియమం డబ్బు కట్టే బటన్ పైనే ఒక్క వాక్యంలో ఉండాలి, "రేపు సాయంత్రం 5 లోపు క్యాన్సిల్ చేస్తే మొత్తం వెనక్కి" అని తేదీ, టైముతో. "24 గంటల ముందు" అంటే జనం లెక్కపెట్టుకోవాలి. హోటలే క్యాన్సిల్ చేస్తే మొత్తం ఇవ్వాలి, ఇందులో మాటే లేదు.

నంబర్లు జాగ్రత్త

ఆడపిల్ల టేబుల్ బుక్ చేస్తే ఆమె నంబర్ కౌంటర్ దగ్గర ట్యాబ్‌లో అందరికీ కనిపించకూడదు. పేరు, చివరి నాలుగు అంకెలు చాలు. ఫోన్ చెయ్యాలంటే బటన్ నొక్కితే నంబర్ కనపడకుండా కాల్ కలిసే సర్వీసులున్నాయి, వాటికి కొంచెం ఖర్చవుతుంది, పెట్టండి. పుట్టినరోజు, కాంటాక్టులు, లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండటం, ఇవేవీ టేబుల్ బుకింగ్‌కి అవసరం లేదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం కూడా ఏ పనికి తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే, ఆ పనికి కావాల్సినంతే తీసుకోవాలి.

వదిలే ముందు

ఒకే హోటల్‌తో మొదలెట్టండి. రెండు ఫోన్లలో ఒకే స్లాట్ ఒకేసారి నొక్కి చూడండి. పిన్ కొట్టిన వెంటనే యాప్ చంపేసి చూడండి. డబ్బు కట్టే మధ్యలో కాల్ వస్తే ఏమవుతుందో చూడండి. టెస్ట్ మోడ్‌లో అన్నీ బాగానే ఉంటాయి, నిజమైన ఖాతాలతో ఒక్కో రూపాయి వేరే వేరే బ్యాంకుల నుంచి కట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. రెండేళ్ళ నాటి చవక ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, తెలుగులో పెట్టి మొత్తం ఒకసారి తిరగండి.

ఒక్క పూట భోజనం కోసం ఎవరూ యాప్ ఇన్‌స్టాల్ చెయ్యరు, ఇది ఒప్పుకోండి. టేబుల్ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే బ్రౌజర్లోనే బిల్లు కనిపించి కట్టేసేలా పెట్టండి, తరచూ వచ్చేవాళ్ళే తర్వాత యాప్ తీసుకుంటారు.

స్టోర్ల విషయానికొస్తే, గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు. ప్లేలో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచిన వాళ్ళు పబ్లిక్‌గా వదిలే ముందు 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు టెస్ట్ నడపాలి, కాబట్టి ఓనర్‌కి తేదీ చెప్పే ముందు ఆ రెండు వారాలూ కలుపుకోండి. యాపిల్ వాళ్ళ సొంత పేమెంట్ పద్ధతి ఇన్ యాప్ పర్చేజ్ మీకు అక్కర్లేదు, మనిషి హోటల్‌కి వెళ్ళి తినే భోజనం యాప్ బయట వాడుకునేది, దానికి మామూలు పేమెంటే వాడాలి. రివ్యూ చేసేవాళ్ళ దగ్గర మన దేశం నంబర్ ఉండకపోవచ్చు, ఓటీపీ దగ్గరే ఆగిపోయి యాప్ తిప్పి పంపేస్తారు, వాళ్ళ కోసం ఒక డెమో నంబరూ, మారని ఓటీపీ, ఎప్పుడూ టేబుళ్ళు ఖాళీగా ఉండే ఒక డమ్మీ రెస్టారెంటూ పెట్టి ఆ వివరాలు రివ్యూ నోట్సులో రాసి పంపండి.